రిపేరు చేసిన లారీ దారిలో ఆగిపోయింది, ఓనరు బాకీ కట్టనంటున్నారు: ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చెన్నై మాధవరంలో లారీల రిపేరు షెడ్డు పెట్టి ఏడాదైంది. నెల్లూరు ఓనరు ఒకాయన లారీకి మీరు ఇంజను దించి పూర్తిగా రిపేరు చేశారు. బిల్లు 1,85,000 రూపాయలు. ఆయన 1,15,000 ఇచ్చి, మిగతా 70,000 వారంలో పంపిస్తానని చెప్పి బండి తీసుకెళ్లారు. నాలుగో రోజు కావలి దగ్గర ఇంజను సీజైంది. ఇప్పుడాయన ‘పని నీది, తప్పూ నీదే, బాకీ ఇవ్వను, కన్స్యూమర్ కోర్టుకు వెళ్తా’ అంటున్నారు. ఆయనదే ఇంకో బండి బ్రేకు పనికోసం మీ షెడ్డులో ఉంది. దాన్ని ఆపుకోవచ్చా, ఆయన కేసు వేస్తే నిలుస్తుందా, అసలు ఇప్పుడేం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. రెండో బండిని ఆపకండి. మొదటి బండి ఇంజనును ఎవరూ విప్పకుండా చూసుకుని, మీ షెడ్డుకు తెప్పించి, ఓనరు ఎదురుగా విప్పండి. తప్పు మీ పనిలో ఉందని తేలితే పైసా తీసుకోకుండా చేసివ్వండి. మీది కాదని తేలితే పాత బాకీ, కొత్త పని ఖర్చు రెండూ అడగండి. ఎవరి తప్పో ఫోన్లో తేల్చుకునే ప్రయత్నం మాత్రం ఇవాళే మానేయండి. రెడ్‌హిల్స్ వైపు, చెన్నై నుంచి నెల్లూరు దారిలో వెళ్లే జీఎన్‌టీ రోడ్డు మీద చాలా ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఇటువైపు ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టు ట్రైలర్లు, అటువైపు గూడూరు, నెల్లూరు, విజయవాడ బళ్లు వస్తుంటాయి. ఫోన్లో తేలిన గొడవ నేనైతే చూడలేదు. ఇంజను విప్పితే తేలినవే అన్నీ.

రెండో బండి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే కోపంలో మనవాళ్లు చేసే పని అదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద మీరు పనిచేస్తే, ఆ పని డబ్బు వచ్చేవరకు ఆ వస్తువును మీ దగ్గర ఉంచుకునే హక్కు మీకుంది. ఏ బండి మీద పనిచేశారో ఆ బండినే, ఆ పనికి రావాల్సిన డబ్బుకే. పాత బాకీకి వేరే బండిని పట్టుకునే హక్కు ఆ తర్వాతి సెక్షన్‌లో బ్యాంకుల్లాంటి కొందరికే ఉంది, వర్క్‌షాపులకు లేదు. బండి మీ గేటు దాటిన రోజే మొదటి బండి మీద మీ హక్కు పోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పు మీద ఇస్తానని ముందే ఒప్పుకుంటే బండిని ఆపే హక్కు మొదట్నుంచీ ఉండదు. ఆ చట్టంలోనే మూడు నెలల అప్పుకు ఒప్పుకున్న దర్జీ కోటును ఆపుకోకూడదన్న ఉదాహరణ ఉంది. ఆపుకునే హక్కు ఉన్నచోట కూడా అమ్ముకునే హక్కు లేదు. ముందు ఒప్పుకోకుండా రోజుకింత అని పార్కింగు డబ్బు వేయడమూ చెల్లదు. కాబట్టి రెండో బండి పని పూర్తి చేసి, దాని బిల్లు పూర్తిగా తీసుకుని పంపించండి. ఆ బండి మీద ఈఎంఐ నడుస్తూ ఉంటుంది, లోడు ఒప్పుకుని ఉంటారు. అది ఆగితే ఆ నష్టమంతా మీ మీదికి తిప్పుతారు. ఇప్పటిదాకా న్యాయం మీవైపు ఉన్నా అక్కడితో పోతుంది.

ఇక ఆగిపోయిన బండి. అది కావలిలోనే ఉందని రాశారు. ఓనరుకు ఇవాళే ఫోను చేయండి. ‘మా పని కాదు సార్, మీ డ్రైవరు ఏదో చేసుంటాడు’ అంటే ఆయన ఇక మీరు చెప్పేదేదీ వినడు. ‘సరే సార్, నేను చూసుకుంటా’ అన్నా చిక్కే, రేపు అది మీరు తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. నేను చెప్పేది ఒకటే: ‘అన్నా, బండి మళ్లీ స్టార్టు చేయించొద్దు. అక్కడి మెకానిక్ ఎవర్నీ ఇంజను ముట్టుకోనివ్వొద్దు. మా మనిషి బయల్దేరుతున్నాడు.’ అదే మాట వెంటనే వాట్సాప్‌లో రాసి పంపండి. డ్రైవరుతో ఫొటోలు తీయించండి: డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంతవరకుందో, రేడియేటర్‌లో నీళ్లు, మీటరు రీడింగు, బండి కింద నేల. నేల ఫొటో చాలామంది మర్చిపోతారు. ఆయిల్ ఎక్కడ కారిందో, అసలు కారిందో లేదో దాంట్లోనే తెలుస్తుంది. రోడ్డు పక్క మెకానిక్ ఎవరైనా సంప్ (ఇంజను కింద ఆయిల్ ఉండే తొట్టి) విప్పేస్తే ఆధారం అక్కడితో పోయినట్టే. ఆ తర్వాత మీరేం చెప్పినా అది మీ మాట, ఆయనేం చెప్పినా అది ఆయన మాట.

లోడు వేరే బండికి మార్చిన ఖర్చు, కిరాయి నష్టం నేను నెత్తినేసుకోను. నా జాబ్ కార్డు (బండికి చేసే పని వివరాలు రాసే కాగితం) మీద ఆ మాట తెలుగులో, తమిళంలో అచ్చువేసి ఉంటుంది. టోయింగు ఖర్చు మాత్రం తప్పు ఎవరిదైతే వారిది, ముందు ఓనరు పెట్టుకుని తర్వాత లెక్క చూసుకుందామంటాను. మీ కార్డు మీద ఇవేవీ లేవంటున్నారు కాబట్టి ఇప్పుడు మాటలతోనే ఒప్పించుకోవాలి.

విప్పే రోజు ఓనరు స్వయంగా ఉండాలి, లేదా ఆయన నమ్మే మెకానిక్‌ను పంపాలి. రెండోదే నాకిష్టం. ఆయన మెకానిక్ షెల్లు (క్రాంక్ అనే ఇంజను ఇరుసు చుట్టూ ఉండే పలుచని బేరింగు రేకు) చేతిలో పట్టుకుని చూస్తే మీరు గంట చెప్పినా నమ్మనిది ఒక్క నిమిషంలో నమ్ముతాడు. సంప్ బోల్టు మీద మొదటి స్పానర్ పడ్డప్పటి నుంచి వీడియో ఆపకుండా తీయించండి. బేరింగు షెల్లు ఒక్కొక్కటే తీసి, శుభ్రమైన గుడ్డ మీద సిలిండర్ వరుసలోనే పేర్చి, పక్కన చాక్‌పీసుతో నంబరు వేయండి. తుడవకండి, కడగకండి.

ఇప్పుడు అవి ఏం చెబుతాయో చూడండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి: హెడ్ గాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ. ఒక్క షెల్లు మాత్రమే తిరిగిపోయి, మిగతావన్నీ బాగుంటే ఆ ఒక్క జర్నల్ (షెల్లు పట్టుకునే క్రాంక్ భాగం) దగ్గరే ఏదో జరిగింది: గ్రైండింగు కొలత, ఆయిల్ రంధ్రం మూసుకోవడం, క్యాప్ బిగింపు. అది దాదాపుగా మనవైపు తప్పే. అన్ని షెల్లులూ ఒకేలా అరిగి రాగి కనిపిస్తుంటే ఆయిల్ అందలేదు. అప్పుడు డిప్‌స్టిక్ ఫొటో, పంపు, స్ట్రెయినర్ చూడాలి. అన్నిటి మీదా సన్నటి గీతలు, ఇనుప రజను గుచ్చుకుని ఉంటే క్రాంక్ గ్రైండింగు తర్వాత ఆయిల్ దారులు సరిగా కడగలేదన్నమాట. లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) అన్నిటికీ చారలు పడితే వేడి, ఒక్కదానికే పడితే ఆ సిలిండర్ ఇంజెక్టర్ వైపు చూడండి. టర్బో (ఇంజనులోకి గాలి నెట్టే ఫ్యాను) కూడా వదలొద్దు. షాఫ్టు నీలంగా మారితే ఆయిల్ అందలేదు, గాలి పీల్చే వైపు రెక్కలు విరిగితే లోపలికి ఏదో పోయింది. కొత్త బళ్లకు ఇంకో సాక్షి ఉంది. ఈసీయూలో, అంటే ఇంజను కంప్యూటర్లో, వేడెక్కినట్టు, ఆయిల్ ప్రెషరు పడిపోయినట్టు, ఆర్‌పీఎం హద్దు దాటినట్టు నమోదై ఉండొచ్చు. బ్యాటరీ పీకకముందే స్కానర్ పెట్టి రిపోర్టు తీసి ఓనరుకు పంపండి.

క్రాంక్ గ్రైండింగు బయట లేత్ షాపులో చేయించామని రాశారు. అక్కడ తప్పు దొరికినా ఓనరుకు లేత్ షాపు ఎవరో అక్కర్లేదు, బండి ఇచ్చింది మీకు. కొన్నేళ్ల కిందట ఒక బండికి ఇలాగే రజను మిగిలిపోయి వారంలో శబ్దం మొదలైంది. ఓనరుకు క్రాంక్, షెల్లులు, కూలీ అంతా నేనే పెట్టి చేసిచ్చాను. ఆ తర్వాత లేత్ షాపాయన దగ్గరికి షెల్లులు పట్టుకెళ్లాను, ఆయన సగం ఇచ్చాడు. ఓనరు ముందు లేత్ వాడిమీద నెట్టి ఉంటే ఆ సగమూ వచ్చేది కాదు, ఓనరూ వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు డ్రైవరు గురించి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. తప్పు డ్రైవరుదని తేలినా ఓనరు ముందు అతన్ని నిలబెట్టి దోషిగా చూపించకండి. గూడూరు వైపు సిలికా ఇసుక తోలే టిప్పర్ ఒకటి క్లచ్ ప్లేటు వేయించుకుని వెళ్లి, త్వరలోనే తిరిగొచ్చింది. ఓనరు మండిపడుతున్నారు. ఆయన ఎదుటే గేర్‌బాక్సు దించాం. ప్లేటు రెండు వైపులా సమంగా కాలింది, ఎక్కడా ఆయిల్ మరక లేదు, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయి. ఆయిల్ తగిలి ఉంటే సీలు లీకు, అది మా లెక్కలోకి వచ్చేది. ఇది హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కి తోలడం వల్ల కాలిన ప్లేటు. అక్కడున్న డ్రైవరు ముఖం పాలిపోయింది. నేను ఓనరుతో ‘ఇసుక గుంతలోంచి లోడుతో ఎక్కాలంటే ఏ డ్రైవరుకైనా ఇదే గతి, దారి మార్చండి లేదా లోడు తగ్గించండి’ అన్నాను. అది నిజమే కూడా. ప్లేటు డబ్బు ఆయనిచ్చారు, కూలీ నేను వదిలేశాను. ఆ డ్రైవరు తర్వాత వేరే ఓనరు దగ్గర చేరి ఆ బండిని కూడా మా షెడ్డుకే తెచ్చాడు. అతని నెల జీతం పోగొట్టి గెలిచే వాదన నాకు అక్కర్లేదు.

బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బళ్లతో గొడవలు ఇంకో రకం. శ్రీసిటీకి, పోర్టుకు మధ్య తిరిగే ట్రైలర్ ఒకటి, పొగలోకి యూరియా ద్రావణం చిమ్మే డోసింగు ఇంజెక్టర్‌లో ఉప్పులా గడ్డకట్టి వచ్చింది. శుభ్రం చేసి పంపాం. కొద్దిరోజుల్లో మళ్లీ లైటు వెలిగింది, బండి పవరు పడిపోయింది. ‘ఏమీ చేయకుండా బిల్లు వేశారు’ అన్నారు. ట్యాంకులో ఉన్న యూరియా ద్రావణం చుక్క రిఫ్రాక్టోమీటరులో (ద్రావణం చిక్కదనం కొలిచే పరికరం) వేసి ఓనరుకే చూపించాం. యూరియా 32.5 శాతం ఉండాలి, చాలా తక్కువ చూపించింది. ఎక్కడో లూజు క్యాన్లలో కొన్నారు. ఇప్పుడు ఆ వ్యవస్థ మీద ఏ పని చేసినా ముందు రీడింగు, తర్వాత రీడింగు, స్కాన్ రిపోర్టు మూడూ బిల్లుతో కుట్టి ఇస్తాం. ఆ పరికరం కొనండి, ఖరీదైనదేమీ కాదు.

కేసు నిలుస్తుందా అంటే అది ఆయనకెన్ని బళ్లున్నాయి, ఎలా బతుకుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవలను వదిలేస్తుంది. కానీ ఒక్క బండి పెట్టుకుని తనే తోలుతూ దానిమీదే బతికే మనిషిని అలా బయట పెట్టదు. మీ నెల్లూరాయనకు కనీసం రెండు బళ్లు, జీతం డ్రైవర్లు ఉన్నారు కాబట్టి ఆయన్ని వినియోగదారుడిగా ఒప్పుకోవడం కష్టమే. అయినా అదే ధైర్యంతో కూర్చోకండి. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. అంటే మీరు చెన్నై నుంచి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తిరగాలి. నోటీసు వస్తే 30 రోజుల్లో జవాబు వేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులు ఇస్తారు, ఆ తర్వాత సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇక లేదు. నోటీసును పక్కన పడేసి, చేయని తప్పుకు డబ్బు కట్టినవాళ్లున్నారు. వాట్సాప్ సంభాషణలు తొలగించకండి, ఫోను మార్చకండి. కోర్టులో వాటిని చూపించాలంటే సర్టిఫికెట్ కావాలి, అప్పుడు లాయరు ఫోనే అడుగుతాడు.

మీ 70,000 సంగతి. షెడ్డుకు ఉద్యం (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉందా? పని మొదలుపెట్టే ముందే ఉండుంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం మీకు బలం. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు మీ ఊరి పరిధిలో ఉన్న, ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వేయొచ్చు, ఆయన నెల్లూరులో ఉన్నా సరే. తీర్పు మీకొచ్చి, దాన్ని కొట్టేయించుకోవాలని ఆయన కోర్టుకు వెళితే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఇప్పటిదాకా రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ బాకీకి పనికొస్తుందని ఆశ పెట్టుకోవద్దు, ముందుముందు పనులకోసం ఇవాళే చేయించుకోండి. అయితే పని చేశామని రుజువు చేయాలంటే బిల్లు ఉండాలి. పన్ను మిగులుతుందని ‘బిల్లు వద్దు అన్నా’ అనే ఓనర్లు చాలామంది. కాగితం లేని పనికి డబ్బు అడగడమూ కష్టమే, రేపు వారంటీ అని వాళ్లూ అడగలేరు, చివరికి అరుపులే మిగులుతాయి. నేను బిల్లు లేకుండా బండి బయటికి పంపను.

ఇవన్నీ గొడవ వచ్చాక చేసేవి. మీ ఉత్తరం చదువుతుంటే గొడవ పుట్టింది కావలిలో కాదని నాకనిపించింది. మొదట చెప్పిన అంచనా 1,20,000, తర్వాత క్రాంక్, ఆయిల్ పంపు చేరి 1,85,000 అయిందని, పెరిగిన సంగతి డ్రైవరుకు చెప్పామని మీరే రాశారు. డ్రైవరుకు చెప్పడం ఓనరుకు చెప్పడం కాదు. మన షెడ్లలో మెకానిక్ తమిళంలో చెప్తాడు, డ్రైవరు సగం అర్థం చేసుకుని నెల్లూరుకు ఫోను చేస్తాడు, ఓనరుకు చేరేసరికి ‘క్రాంక్ అరిగింది’ కాస్తా ‘ఇంకొంచెం పనుందంట’ అవుతుంది. ఆయన మనసులో బిల్లు దగ్గరే ముల్లు గుచ్చుకుంది, ఇంజను ఆగగానే అది బయటపడింది.

అందుకని మా షెడ్డులో ప్రతి బండికీ ఒక వాట్సాప్ గ్రూపు పెడతాం, పేరు బండి చివరి నాలుగు అంకెలే. ఓనరు, డ్రైవరు, మా సూపర్‌వైజరు, నేను. ఇంజను విప్పాక దొరికింది ఫొటో తీసి, మైక్రోమీటరు కొలతతో సహా పెడతాం. ‘ఇది మారిస్తే ఇంత, మార్చకపోతే ఇలా అవుతుంది’ అని తెలుగులో రాస్తాం. ఓనరు ‘చేయండి’ అని టైపు చేసేవరకు స్పానర్ కదలదు. వాయిస్ మెసేజి కాదు, టైపు చేసిన మాటే కావాలి. మార్చొద్దంటే ‘ఓనరు వద్దన్నారు’ అని జాబ్ కార్డు మీద రాసి సంతకం తీసుకుంటాం. పాత సామాను గోనెసంచిలో మూటగట్టి బండి నంబరు ట్యాగుతో అప్పగిస్తాం. ‘కొత్తది వేశారో లేదో’ అన్న అనుమానం ఆ మూటతోనే పోతుంది.

సామాను ఓనరే తెస్తానంటే ఒప్పుకుంటాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్నా, పుదుపేటలో సెకండ్‌హ్యాండ్ తెచ్చినా ఆయనిష్టం. కానీ డబ్బా, లేబుల్ ఫొటో తీసి ‘కూలీకే మా హామీ, సామానుకు లేదు’ అని రాయించుకుంటాను. ‘విజయవాడ ఆటోనగర్‌లో ఇందులో సగానికే చేస్తారు’ అన్న మాట మీకూ వస్తుంది. వాదించకండి. ఏ కంపెనీ లైనర్ కిట్టు, ఏ కొలత షెల్లు అని రాసిన అంచనా చేతికివ్వండి, ఆయనే పోల్చుకుంటారు.

యాక్సిడెంటు బళ్లకు ఒక మాట. సర్వేయరు చూడకముందు ఏదీ విప్పొద్దు. ఇన్సూరెన్సు అంతా ఇస్తుందని ఓనరు నమ్ముతారు, కానీ రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు 50 శాతం తరుగు కోస్తారు. కమర్షియల్ బళ్లకు ఐఎంటీ 23 అనే అదనపు కవరు తీసుకోకపోతే లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, టైర్లకు మామూలుగా పైసా రాదు. పాలసీ తెప్పించుకుని ముందే చూపిస్తే ఆ తేడా మీ మీద పడదు.

ఇప్పుడు ఓనరుకు పంపాల్సిన మెసేజి నేనైతే ఇలా రాస్తాను: ‘అన్నా, బండి ఆగినందుకు మీకెంత ఇబ్బందో నాకు తెలుసు. ఇంజను ఎక్కడా విప్పించకుండా మా షెడ్డుకు తెప్పించండి. మీరు గానీ మీ మెకానిక్ గానీ దగ్గరుంటే ఆదివారం విప్పుదాం. మా పనిలో లోపముంటే టోయింగుతో సహా మొత్తం నాదే. లేకపోతే పాత బాకీ, కొత్త ఖర్చు మీది. మీ రెండో బండి పని రేపటికి అయిపోతుంది, దాని బిల్లు కట్టి తీసుకెళ్లొచ్చు.’ చివరి వాక్యం తీసేయకండి. ఆయన భయమంతా ఆ బండి గురించే.

ఆయన ఒప్పుకుని మీది కాదని తేలినా 70,000 ఒక్కసారిగా ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు రెండు మూడు చెక్కులు తీసుకోండి. చెక్కు మూడు నెలలే చెల్లుతుంది, బౌన్సయితే తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. ఆ తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి.

విప్పాక షెల్లుల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి నాకు తోచింది చెప్తాను. ముందువైపే కాదు, వెనకవైపు కూడా తీయండి. షెల్లు తన గూట్లో తిరిగిందా లేదా అన్నది వెనకవైపు గీతల్లోనే కనిపిస్తుంది.